మట్టి లేని గుమ్మడి

ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు పెట్టే గుమ్మడిపూలు గుర్తున్నాయి కదా! ఆ తీగను మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటితోనూ పెంచొచ్చు. ఇదే హైడ్రోపోనిక్స్.

మచిలీపట్నం, దివిసీమ తీరాన చాలాచోట్ల బోరు నీరు ఉప్పన. అది ఈ సేద్యానికి పనికిరాదు. మేడ మీద కురిసిన వాననీటిని పట్టి ఉంచుకోండి. గుడివాడ వైపు వారు మంచి కాలువ నీటిని వడగట్టి వాడుకోవచ్చు.

పెద్ద తొట్టిలో బాగా కడిగి ఉప్పు పోగొట్టిన కొబ్బరిపొట్టు నింపి విత్తనం నాటండి. పోషక ద్రావణం పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. కాయ ఊరే దశలో నత్రజని తగ్గించి పొటాష్ పెంచండి.

ఆడపూవు అడుగున చిన్న పిందె ఉంటుంది. తెల్లవారుతూనే మగపూవు పుప్పొడిని ఆడపూవుకు అద్దండి. పెద్దకాయ కావాలంటే తీగకు ఒక్క పిందెనే ఉంచండి. తీగ సత్తువంతా దానికే దక్కుతుంది.

2023లో అమెరికాలోని కాలిఫోర్నియా పోటీలో ఒక గుమ్మడికాయ 1,247 కిలోలు తూగింది. అది చల్లని సీమలో, నేలలో పెరిగిన కాయ. మన ఎండకూ ఉక్కకూ అంత బరువు రాదు. పండక్కి ఇంటిల్లిపాదీ పులుసు పెట్టుకునేంత కాయ మాత్రం దక్కుతుంది.