సెలవులకు ఊరికి వచ్చిన విద్యార్థి

(నెల్లూరుజిల్లాలోని యొక మండలకేంద్రమున, వేసవిసెలవులకు ఇండ్లకు వచ్చిన విశ్వవిద్యాలయ విద్యార్థుల సభలో ఒక న్యాయవాది గావించిన ప్రసంగపాఠము.)



ఈ పఠనమందిరమునకు మమ్ము పిలిచిన మిత్రులు, విద్యార్థులకు నాలుగు మంచిమాటలు చెప్పుమని కోరిరి. మంచిమాటలకు మనదేశమున కఱవు లేదు. వేదిక వేసినచోటనెల్ల నవి లభించును. వేదిక విప్పునప్పటికి మఱపునకు వచ్చును. కావున మేము మంచిమాటలను మానుకొని, ఒక్క పనిమాట చెప్పి కూర్చుండ దలచితిమి.

పదవతరగతి ఫలితములు వెలువడిన నాటినుండి కళాశాలలు తెఱచు నాటివఱకు గల కొద్దివారములలో పల్లెటూరి పిల్లవాని బ్రదుకు ఏదారిని బోవునో తేలిపోవును. ఇంచుమించుగా ఆ వారములలోనే మీరును సెలవులపై ఇండ్లకడ నుందురు. దారి తెలియవలసినవాడును, దారి నడచినవాడును ఒకే వీధిలో నుందురు. అయినను ఒకరినొకరు పలుకరించుకొనక ఆ సెలవులు గడచిపోవుచున్నవి. ఇంతకంటె విచారకరమైన సంగతి వేఱొకటి గలదా?

మేము వృత్తిచే న్యాయవాదులము. మా వృత్తిలో కాలదోషమను మాట యొకటి గలదు. ప్రామిసరీనోటు వ్రాయించుకొన్నవాడు మూడేండ్లలోపల దావా వేయవలెను. నడుమ చెల్లుగాని, ఒప్పుదలగాని లేక ఆ గడువు దాటెనేని, ఋణము నిజమైనను, సంతకము నిజమైనను దావా నిలువదు. 1963వ సంవత్సరపు కాలపరిమితి శాసనము కన్నీళ్లకు కరుగదు. పల్లెటూరి పిల్లలలో తెలివి చాలక చెడినవారికంటె గడువు దాటి చెడినవారే యెక్కువయని ఇన్నియేండ్ల యనుభవమున మాకు తోచినది.

ఒక కౌలురైతు వేఱొక వ్యవహారమునకై మాయొద్దకు వచ్చెను. వెంట పదునేడేండ్ల కుమారుడు వచ్చెను. రొయ్యలగుంటలకడ రాత్రికాపలా కాయుచున్నానని చెప్పెను. చదువేమైనదని యడిగితిమి. ఎనిమిదవతరగతిలో తానే మొదటివాడనని తలవంచుకొని చెప్పెను. ఎనిమిదవతరగతి పిల్లలకు ఎన్.ఎం.ఎం.ఎస్. అను జాతీయ ఉపకారవేతన పరీక్ష యొకటి గలదు. 2008లో ప్రారంభమైన ఆ పథకమున, ప్రభుత్వ, స్థానికసంస్థల, సహాయకపాఠశాలల పేదపిల్లలు పరీక్షలో నెగ్గినయెడల తొమ్మిదినుండి పండ్రెండవతరగతి వఱకు ఏటికి 12,000 రూపాయల చొప్పున, నాలుగేండ్లకు 48,000 రూపాయలు వచ్చును. కౌలురైతు ఇంటికి అది చిన్నమొత్తము కాదు. ఆదాయపు ధ్రువపత్రము కావలెనని ఆ తండ్రికి తెలియునప్పటికి గడువు రెండుదినములు మిగిలియుండెను. పత్రము చేతికి వచ్చునప్పటికి గడువు దాటిపోయెను. పరీక్ష వ్రాయకయే ఆ పిల్లవాడు ఓడిపోయెను.

ఇందు ఎవరిని దూషింపవలెను? తండ్రినా? ఆయనకు తెలియదు. బడినా? బడిలో చెప్పియే యుందురు. చెప్పినది ఇంటికి చేరలేదు. కాని ఆ యింటికి నాలుగిండ్ల యవతల ఇంజనీరింగు చదువు యువకు డొకడు గలడు. ఆ పరీక్ష వ్రాసి, ఆ విద్యార్థివేతనముతోనే చదువుకొన్నవాడు. ఆ సంవత్సరము వినాయకచవితికి వచ్చి నాలుగుదినము లుండి, స్నేహితులతో కాలము గడపి పోయెను. అతడు అడుగలేదు, వీరు చెప్పలేదు. అతడు దుర్మార్గుడు కాడు. ఇది తన పనియని అతనికి ఎవరును చెప్పలేదు, అంతే. నేడు మేము చెప్పవచ్చినది అదియే.

ఇట్టిదే మఱియొకటి. గ్రామీణయువజనుల కొఱకే 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో ఆఱేండ్ల చదువును ప్రారంభించెను. అందు ప్రవేశము పదవతరగతి మార్కులనుబట్టి కలుగునట్లు ఏర్పఱచిరి. దానికై పట్టణమున వేలు పోసి శిక్షణ పొందనక్కఱలేదు. వేళకు దరఖాస్తు పంపిన చాలును. ఈ సభలో అచ్చట చదువుచున్నవారు కొందఱు గలరని విన్నాము. తమ్ములారా, మీ యూరినుండి మీ తరువాత ఎందఱు వచ్చిరో లెక్కచూచుకొనుడు. ఒక్కరును రానియెడల, మీరు నడచిన దారి మీ వెనుకనే మూసికొనిపోయినదని యర్థము.

విద్యార్థులు పల్లెలకు బోయి పనిచేయుట మనకు క్రొత్తది కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయముల ప్రతినిధులు కూడి ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ కెక్కించి కాలువవెంబడి గ్రామములకు చేర్చిరి. చదువుకొన్నవాడు పల్లెకు ఋణపడియున్నాడను భావము ఆ కార్యముల కన్నిటికిని మూలము. సెలవులను గ్రామసేవకు వినియోగింపుడని గాంధీమహాత్ముడు విద్యార్థులను పలుమాఱులు కోరియుండెను. ఆయన శతజయంతి సంవత్సరమగు 1969లో జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమయ్యెను. రెండేండ్లలో 240 గంటల సేవ, ఒక గ్రామమున ఏడుదినముల శిబిరము దాని నియమములు. మంచి పథకమే. ఆ ఏడుదినములలో వీధులు శుభ్రమగును, మొక్కలు నాటబడును. ఎనిమిదవనాడు ఆ మొక్కకు నీరు పోయువా రెవరు? పరాయియూరికి పోయిన విద్యార్థి ఈ ప్రశ్నను తప్పించుకొనవచ్చును. సొంతయూరికి వచ్చినవానికి తప్పించుకొనుటకు వీలులేదు.

మా జీవితములోని రెండు సంగతులను మీ యెదుట పెట్టెదము. ఒకటి మేము చూచినది. రెండవది మేము చెఱచినది.

1990-91 ప్రాంతమున మా జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగెను. అప్పుడు మాకు పదేండ్లుండును. మా యింటి యరుగుమీద రాత్రిబడి నడచెడిది. లాంతరు పట్టుకొనుట మా పని. పట్టణమున డిగ్రీ చదువుచున్న మా వీధి అక్క యొకతె సెలవులలో వచ్చి పాఠము చెప్పెడిది. ఆమె లేనినాడు, ఆమెయొద్ద నేర్చిన మా పిన్ని చెప్పెడిది. మా నాయనమ్మ అచ్చటనే తన పేరు వ్రాయ నేర్చెను. సారావలన కాపురములు చెడుటయు, ఆడువారు ఏకమై దానిని ఆపుటయు ఆ వాచకములోని పాఠములకు విషయమయ్యెను. చదివిన స్త్రీలు అందు తమ యిండ్లనే చూచుకొనిరి. 1992లో దూబగుంట గ్రామమున రోశమ్మగారును తోడిస్త్రీలును సారాదుకాణమును ఎదిరించి నిలిచిరి. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతయు వ్యాపించెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినదన్నది వేఱు సంగతి. మేము చెప్పవచ్చిన దేమనగా, ఆ స్త్రీలను ఎవరును తోలుకొని పోలేదు. చదువుకొన్నవారు అక్షరము చెప్పిరి. దాని నెచ్చట వినియోగింపవలెనో ఊరివారే కనుగొనిరి. యువజనులను సమీకరించుటయన నిదియే. జెండా చేతికిచ్చి వెంట నడిపించుట సమీకరణము కాదు.

ఇక మేము చెఱచినది. కళాశాలలో చదువు దినములలో మేమును మిత్రులును కలసి మా యూరి రామాలయము ప్రక్కగదిలో పఠనమందిరము నొకటి పెట్టితిమి. మున్నూఱు పుస్తకములు, రెండు బల్లలు, దినపత్రిక. ప్రారంభోత్సవమునకు పూలదండలు, ఉపన్యాసములు! మొదటివేసవి నిండుగా జరిగెను. సెలవులు ముగియగనే మేము తలుపునకు తాళమువేసి, తాళపుచెవి మాతోడనే హాస్టలుకు పట్టుకొనిపోయితిమి. పిల్లలు పుస్తకములను చింపుదురని మా భయము. సంక్రాంతికి వచ్చి తలుపు తీయగా పుస్తకములకు చెదలు పట్టియుండెను. మఱొక సంగతియు నాడు మాకు తోచలేదు. ఆ గది గుడిప్రక్కనుండుటచే దళితవాడ పిల్లలుగాని, యానాదుల పిల్లలుగాని ఒక్కనాడైనను గడప యెక్కలేదు. రావలదని మేము చెప్పలేదు. రండని వారి వీధికి పోయి పిలువనులేదు. పఠనమందిరము చెడినందుకు ఊరివారికి చదువుమీద శ్రద్ధలేదని పలువురతో చెప్పుకొని తిరిగితిమి. తప్పు మాదని గ్రహించుటకు పదేండ్లు పట్టినది.

ఆ తప్పునుండి నేర్చినదానిని ఇప్పుడు మీకు చెప్పెదము.

ఒక్కొక్క విద్యార్థి తన యూరిలో అయిదుగురు పిల్లలను ఎన్నుకొనుడు. ఊరినంతటిని ఉద్ధరింపవలదు, అయిదుగురు చాలును. వారి పేరు, తరగతి, వారికి కావలసిన ధ్రువపత్రములు, దరఖాస్తుల గడువులు ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. తండ్రికి తీఱిక లేనినాడు పిల్లవానితో కార్యాలయమునకు మీరు పొండు. కళాశాలకు తిరిగిపోయిన తరువాత వారమునకు ఒక్కసాయంకాలము ఫోనులో మాటాడుడు. అన్న యున్నాడను ధైర్యము పుస్తకముకంటె ఎక్కువ పనిచేయును.

కూర్చుండు చోటు అందఱును వెఱపులేక రాగలచోటు కావలెను. మొదటిదినము దళితవాడలోనో, యానాదుల కాలనీలోనో కూర్చుండుడు. అచ్చట జననధ్రువపత్రమునకు నోచుకొనని పిల్లలుందురు. వారికి చదువుకంటె ముందు ఆ కాగితము కావలెను.

ఆడపిల్లల విషయమున భారము చెల్లెండ్రది. పదవతరగతి ముగిసిన పిల్లకు వేసవిలోనే సంబంధము కుదుర్చుట మన పల్లెలలో నేటికిని మానలేదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట 2006వ సంవత్సరపు చట్టముచే నేరము. కాని చట్టము పందిరివేసిన తరువాత వచ్చును; మీరు అంతకుముందే పోవలెను. మగవా రింటలేని మధ్యాహ్నవేళ పోయి, "పిన్నీ, ఈ యేడు కాలేజీలో చేర్పింపుము, హాస్టలులో నేను తోడుందును" అని తల్లి చేయిపట్టుకొని చెప్పగలది మీరే. మా యుపన్యాసములు నూఱును ఆ యొక్కమాటకు సాటిరావు.

చదువు సాగనివానిని విడువకుడు. అందఱును ఇంజనీర్లు కానక్కఱలేదు. ఐ.టి.ఐ. గలదు, పాలిటెక్నిక్ గలదు. పది తప్పినవాడు తిరిగి పరీక్ష వ్రాయవచ్చును. తప్పినవానిని చూచి నవ్వు ఊరిలో, వానిప్రక్కన కూర్చుండు ఒక్క అన్న కావలెను.

అన్నిటికంటె ముఖ్యము, తాళపుచెవి మీయొద్ద ఉంచుకొనవలదు. మొదటి సంవత్సరము ముగియులోపల, ఊరిలోనే యుండు యువకు నొకని, యువతి నొకతెను ఆ నోటుపుస్తకమునకు యజమానులను చేయుడు. గడువులు మీ సెలవులకై వేచియుండవు. ట్రాక్టరు తోలువాడైనను, కుట్టుపని చేయునదియైనను, తేదీలు గుర్తుంచుకొనగలవారు మీకంటె ఆ పనిని చక్కగా చేయుదురు.

ఇట్లు చేయిపట్టి నడపిన పిల్లలు మూడు, నాలుగేండ్లలో ఓటుహక్కు పొందుదురు. ఓటువయస్సు ఇరువదియొకటినుండి పదునెనిమిదికి తగ్గినది 1989లో. ఊరి ఓటర్లజాబితాలో పేరుగలవా రందఱును గ్రామసభకు సభ్యులని 1992 నాటి డెబ్బదిమూడవ రాజ్యాంగసవరణ చెప్పుచున్నది. వారిని గ్రామసభకు తోడ్కొనిపోయి, బడిలో నీళ్లు ఎందుకు రావు అను నొక్క ప్రశ్న మర్యాదగా అడుగనిండు. వారిని ఏ పార్టీకిని జెండాలు మోయువారినిగా అప్పగింపవలదు. ప్రశ్న యడుగ నేర్చిన యువకుని ఎవరును కొనలేరు.

మా చదువు, మా ఉద్యోగపుపరీక్షలు ఏమగునని మీలో కొందఱు తలంచుచుండవచ్చును. మీ తల్లిదండ్రులకును ఆ భయము గలదు, అది న్యాయమే. మేము మీ చదువును వదలుకొమ్మనుట లేదు. వారమునకు రెండుగంటలు అడుగుచున్నాము. ఆ రెండుగంటలు లేనివా డెవడో మీలో మీరే విచారించుకొనుడు.

రొయ్యలగుంటకడ కాపలాయున్న ఆ పిల్లవానికి మేము మఱల పుస్తకములు ఇప్పించితిమి. సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇంటరు పరీక్షకు కట్టినాడు. నెగ్గునో నెగ్గడో తెలియదు. పోయిన 48,000 మాత్రము తిరిగిరావు; పోయిన మూడేండ్లును తిరిగిరావు. అవి రెండును మీ వీధిలో మఱొక పిల్లవానికి పోకుండ కాపాడుట మీచేతిలో నున్నది.

ఈ మందిరపు బల్లమీద తెల్లపుస్తక మొకటి యున్నది. పోవునప్పుడు మీ యూరిపేరును, అయిదుగురు పిల్లల పేర్లును అందు వ్రాసిపొండు. పేర్లు తెలియనివారు నేటిరాత్రి మీ వీధిలో విచారించి రేపు వచ్చి వ్రాయుడు.