కరమ్, కరామా: అరబ్బు సమాజంలో పరువూ పరాభవమూ



ఏ గురువుగారి పేరున ఈ సభ జరుగుతోందో ఆయన దగ్గరే నేను హైదరాబాదులో అరబ్బీ నేర్చుకున్నాను. ఒకరోజు నల్లబల్ల మీద మూడు అక్షరాలు రాశారు: కాఫ్, రా, మీమ్. వాటినుంచి పుట్టే మాటల్లో కరమ్ అంటే ఔదార్యం. కరీమ్ అంటే దాత. కరామా అంటే ఆత్మగౌరవం. మన కరీంనగర్ పేరులో ఉన్నది కూడా ఈ మాటే అన్నారు. ఇవ్వడానికీ తలెత్తుకుని నిలబడడానికీ ఒకే ధాతువు ఎందుకని అడిగితే, జవాబుగా ఒక కథ చెప్పారు.

ఏడో శతాబ్దం, ఖలీఫా ఉమర్ ఏలుతున్న రోజులు. అల్-హుతైఆ అనే కవి ఉండేవాడు. అరబ్బులు హిజా అని పిలిచే తిట్టుకవిత్వంలో అతని నోటికి అందరూ భయపడేవారు. తమీమ్ తెగ పెద్ద జిబ్రికాన్ బిన్ బద్ర్ అతన్ని తన వాళ్లింట ఉండమన్నాడు. ఆదరణ సరిగా జరగలేదు. పోటీ వంశం వాళ్లు పిలిచి నెత్తిన పెట్టుకున్నారు. కవి అక్కడినుంచి జిబ్రికాన్ మీద పద్యం వదిలాడు. అందులో ఒక్క బూతుమాట లేదు. ఒకరు పెడితే తిని, ఒకరు ఇస్తే కట్టుకునే మనిషిగా అతన్ని చూపించాడు, అంతే.

జిబ్రికాన్ ఫిర్యాదుతో వచ్చాడు. ఉమర్‌కి మొదట అది తిట్టులాగే తోచలేదు. హస్సాన్ బిన్ సాబిత్ అనే కవిని పిలిచి అడిగాడు. తిట్టుకన్నా ఘోరమే చేశాడు అన్నాడు హస్సాన్. కవిని చెరలో వేశారు. అక్కడినుంచి అతను తన పసిపిల్లల గురించి పద్యం పంపితే ఉమర్ కరిగిపోయి విడిచిపెట్టాడు. విడిచేముందు మూడువేల దిర్హములిచ్చి ముస్లిముల పరువును అతని నోటినుంచి కొన్నాడని అరబ్బీ సాహిత్య గ్రంథాలు చెబుతాయి.

ఈ కథలో నన్ను ఇప్పటికీ పట్టి ఉంచేది హస్సాన్ తీర్పు. ఎడారిలో అతిథికి పెట్టేవాడే మనిషి. నీది ఇచ్చే చేయి కాదు, పుచ్చుకునే చేయి అంటే ఇక మిగిలేదేమిటి? బూతు కోపం తెప్పిస్తుంది. ఈ మాట మనిషిని మనుషుల లెక్కలోంచి తీసేస్తుంది.

కవిని ఆదరించిన ఆ పోటీ వంశం పేరు బనూ అన్ఫ్ అన్నాకా, అంటే ఆడ ఒంటె ముక్కు వాళ్లు. ఆ పేరు చెప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడేవారు. ముక్కు ముందుండేది, తోక వెనకుండేది కదా అన్న అర్థంలో హుతైఆ ఒక్క పద్యం చెప్పాడు. ఆ రోజునుంచి అదే పేరు గర్వంగా చెప్పుకున్నారు. బనూ నుమైర్‌కి జరిగింది దీనికి తలకిందులు. ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో జరీర్ అనే కవి ఒక నుమైర్ కవిని తిడుతూ పద్యం చెబితే ఆ తెగవాళ్లు తమ తెగ పేరు దాచి, దానికి పైనున్న పెద్ద తెగ ఆమిర్ పేరు చెప్పుకోసాగారట. వేములవాడ భీమకవి తిడితే జరిగి తీరుతుందని మనవాళ్లు భయపడేవారు. అది వాక్కు మహిమకు భయం. నుమైర్‌లది నలుగురి నోళ్లకు భయం. జరీర్‌కీ అతని పోటీ కవి ఫరజ్దక్‌కీ నలభై ఏళ్లు సాగిన తిట్ల పోరులో బస్రాలోని మిర్బద్ సంత జనమే న్యాయనిర్ణేతలు. అవతలివాడు ఎత్తుకున్న ఛందస్సులో, అదే అంత్యప్రాసతో జవాబు చెప్పాలి. తప్పితే ఓడినట్టే.

మాట పరువు తీయడమే కాదు, నిలబెడుతుంది కూడా. గల్ఫ్ వెళ్లి వచ్చిన మనవాళ్లు ‘బయ్యదల్లా వజ్హక్’ అన్న మాట వినే ఉంటారు. దేవుడు నీ ముఖాన్ని తెల్లగా చేయుగాక అని. సాయపడినవాడికీ, మాట నిలబెట్టుకున్నవాడికీ దక్కే దీవెన అది. సినాయ్ బెదూయిన్‌ల ఆచార న్యాయంలో హామీ ఉండేవాడు తన ముఖాన్నే పూచీగా పెడతాడు. ఆ హామీని ఎవరైనా మీరితే అవమానం జరిగింది అతని ముఖానికి. పరిహారం అడిగే హక్కూ అతనిదే. ఫ్రాంక్ స్టీవార్ట్ 1994లో వెలువరించిన పుస్తకంలో ఇది వివరంగా ఉంది. అరబ్బు పరువు అనగానే కత్తి ఒక్కటే గుర్తొచ్చేవారు ఆ పుస్తకం చదవాలి.

కత్తి లేదని నేను అనను. ఉమర్ డబ్బిచ్చి కొన్నాడన్న పరువుకు అరబ్బీ మాట ఇర్ద్. అప్పుడది ఎదుటివాడి మాటతో గాయపడే పేరుప్రతిష్ఠ. రానురాను వాడుకలో అది ఇంటి ఆడవాళ్ల శీలంగా కుంచించుకుపోయింది. మగవాడి ఇర్ద్ తన చేతుల్లోంచి జారి ఆడబిడ్డ నెత్తిమీద భారమైంది. పరువు పేరుతో చేసే హత్యకు శిక్ష తగ్గించే 562వ సెక్షన్‌ను లెబనాన్ 2011లో గానీ రద్దు చేయలేదు. కూతుర్ని చంపి పరువు నిలిపానన్న తండ్రి ఏమిచ్చాడని? ఏ పూచీ నిలబెట్టాడని? ఇర్ద్ పాత అర్థంతో తూచినా అతను ఓడిపోతాడు. ఇది గురువుగారి మాట కాదు, నాది.

ఇక కరామా మాటకొస్తే, ట్యునీషియా. సీదీ బూజీద్ పట్నం, 2010 డిసెంబర్ 17. బండిమీద పళ్లు అమ్ముకునే మొహమ్మద్ బూఅజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. మున్సిపల్ ఉద్యోగిని ఒకామె అతన్ని చెంపదెబ్బ కొట్టిందని ఊరంతా చెప్పుకుంది. ఆమె కొట్టలేదంది. 2011 ఏప్రిల్‌లో కోర్టు ఆమెను విడిచిపెట్టింది. అంతకుముందే, 2011 జనవరి 4న బూఅజీజీ చనిపోయాడు, 14న దేశాధ్యక్షుడు బెన్ అలీ పారిపోయాడు. అతను అంటించుకున్న నిప్పుతో రాజుకున్న ఉద్యమాన్ని ట్యునీషియావాళ్లు కరామా విప్లవం అంటారు.

చెంపదెబ్బ గురించి ప్రపంచమంతా రాసింది. నాకు మాత్రం ఆ ఉదయం మున్సిపాలిటీవాళ్లు అతని దగ్గర గుంజుకున్న తక్కెడ గుర్తొస్తుంది. తల్లికీ తోబుట్టువులకూ అతను తిండి పెట్టింది దానితో తూచి అమ్మే. గవర్నర్ కార్యాలయానికి వెళ్లి అతను అడిగింది క్షమాపణ కాదు. నా తక్కెడ నాకిచ్చెయ్యండి అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.