వెల్డింగు విద్య



ఇనుమును ఇనుముతో కలుపుట మన కమ్మరి కొలిమికి క్రొత్త గాదు. అచ్చట సమ్మెట దెబ్బ కలుపును. వెల్డింగులో అంచులే కరగి ఒకటి కావలెను. ఉక్కు కరగుటకు సుమారు 1500 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. విద్యుత్తు పుట్టించు ఆర్కు వేడి అంతకు రెట్టింపునకు మించును.

1950లో ఆరంభమైన శిక్షణ పథకము క్రింద ఐ.టి.ఐ.లలో ఈ పనిని ఒక సంవత్సరము నేర్పుచున్నారు. ఎనిమిదవ తరగతి చదువు చాలును. బాలికలకును ప్రవేశము కలదు.

మొదట అతుకు పెట్టనీయరు. పనికిరాని పలకపై గీత వెంట గీత పెట్టింతురు. రాడ్డు కొనకును పలకకును ఎడము రాడ్డు లావంత యుండవలెను. రాడ్డు కరగిన కొలది చేయి దిగవలెను. ఎడము పెరిగిన నిప్పురవ్వలు చిమ్మును, తరిగిన రాడ్డు అంటుకొనును. పైని గట్టిన చిట్టెమును సుత్తితో రాల్చి తోమినగాని రెండవ వరుస పెట్టరాదు. లోపల చిక్కిన చిట్టెము కంటికి కానరాదు. ధాన్యపు బస్తాలతో ట్రాక్టరు కొక్కెము విరిగినపుడు తెలియును. అందుకే శిక్షణలో అతుకును వంచి, విరిచి చూపుదురు.

షెడ్డులో నేర్చిన రాదా యందురు. చేయి వచ్చును, కాదనను. కాని అచ్చట పిల్లలు అరచేయి అడ్డుపెట్టి, కన్ను చికిలించి పనిచేయుట మీరెరుగుదురు. ఆర్కులోని అతినీలలోహిత కిరణములు కంటిపొరను కాల్చును. అప్పుడు నొప్పి తెలియదు. కొన్ని గంటలకు కన్నులలో ఇసుక పోసినట్లుండును. శిక్షణలో రాడ్డుకన్న ముందు ముఖకవచము చేతికిత్తురు.

ప్రవేశ ప్రకటన పత్రికలో వచ్చినపుడు, చదువరాని తండ్రులకు కార్యదర్శిగారు దానిని చదివి వినిపింపవలెనని నా ప్రార్థన. షెడ్డు యజమానులు మాత్రము ఆ నల్ల అద్దమును రేపే కొనవలెను.