తాళపుచెవి ఎవరి దగ్గర?



ఏటేటా నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగుట మీరెరిగినదే. ఆ వారములో రేడియోలో ఒక ప్రసంగమో, గోష్ఠియో ఉండుట కూడ పరిపాటి. ఈసారి ఆ పని నా వంతుకు వచ్చినది. నగరములలోని పెద్ద గ్రంథాలయములను గురించి లోగడ చాలమంది చాల చెప్పినారు. అందువలన నేను ధ్వనిముద్రణ యంత్రమును సంచిలో వేసుకొని, కృష్ణా డెల్టాలో కాలువగట్టున ఉన్న ఒక ఊరికి వెళ్ళినాను. అది అచ్చముగా పల్లె కాదు. పట్టణమని అనుటకును వీలులేదు. బియ్యపు మిల్లు ఉన్నది, ఉన్నత పాఠశాల ఉన్నది, రెండు మందుల దుకాణములున్నవి. సాయంకాలము మాత్రము ఇంటిదారి పట్టిన గేదెలు తొలగితే గాని బస్సు కదలదు. స్వాతంత్ర్యమునకు పూర్వము ఆ ఊరి యువకులు కొందరు పెట్టిన గ్రంథాలయము నేటికిని నడుస్తున్నదని విని, చూడబోయినాను.

రెండు గదుల పెంకుటిల్లు, ముందొక వసారా. నేను వెళ్ళేసరికి తలుపునకు తాళము వేసి ఉన్నది. ఎదుట ఉన్న కిళ్ళీకొట్టులో అడిగితే, తాళపుచెవి మాష్టారి దగ్గర ఉంటుందన్నారు. మాష్టారి ఇంటికి పోతే, "ఈవేళ నాది కాదండీ, మిల్లు గుమాస్తాగారిది" అన్నారు. మిల్లుకు పోతే గుమాస్తాగారు ధాన్యపు కాటా దగ్గర నిలబడి, తనకు లారీ వచ్చినదనియు, చెవిని కుట్టుపని అమ్మాయికి పంపితిననియు చెప్పినారు. ఈ తిరుగుడులో అరగంట గడిచినది. ఒక తాళపుచెవికి నిలకడ లేని చోట సంఘమునకు నిలకడ ఎక్కడిదని నాలో నేను విసుగుకొన్నమాట నిజము. ఆ మాట తప్పని సాయంత్రమునకే తెలిసినది. చెవి చేతులు మారుటయే అక్కడి పద్ధతి. నలుగురు మనుషులు వారమును పంచుకున్నారు. ఒకరికి అడ్డు వస్తే మరొకరికి అందజేయవలెనే కాని, సాయంత్రము ఐదు గంటలకు తలుపు తెరువకుండ ఉండరాదు. సంఘమునకు వ్రాతలో నియమావళి ఉన్నది గాని, నిజముగా నడిపిస్తున్నది ఈ వ్రాయని నియమమే.

ఆంధ్రులు ఆరంభశూరులన్న అపవాదు మనకు చిరకాలమునుండి ఉన్నది. గ్రంథాలయముల విషయములో ఆ అపవాదు సగము నిజము, సగము అబద్ధము. 1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆనాటి మహాసభకు అధ్యక్షులు. ఆ సభను కూర్చుటకు పాటుపడిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి అప్పటికి ఇరువదినాలుగేళ్ళు నిండలేదు. తరువాత ఊరూర గ్రంథాలయములు వెలసినవి. వాటిలో ఎన్నో రెండు మూడేండ్లకే మూతపడినవి. నిలిచినవి ఎందుకు నిలిచినవని చూడబోతే, ధనికుల విరాళముకన్న దినదినము తలుపు తీసినవారి ఓపిక ఎక్కువగా కనబడుతుంది.

చీరాలకు దాపుననున్న వేటపాలెము సంగతి చూడండి. మగ్గముల చప్పుడు వినబడే ఊరు. అక్కడ 1918లో ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారు యువజనులతో కలిసి సారస్వత నికేతనమును స్థాపించినారు. 1929లో గాంధీమహాత్ముడు అక్కడికి వచ్చినారు. ఆయన చేతికర్రను అక్కడివారు నేటికిని భద్రపరచినారు. కాని పరిశోధకులు వేటపాలెము పోవునది చేతికర్రను చూచుటకు కాదు. పాత తెలుగు పత్రికల సంపుటములు, మరెక్కడను దొరకని పుస్తకములు అక్కడ దొరుకుతవి గనుక. చదివిన పత్రికను పొట్లములకు అమ్మివేయక, నెలవారీగా పేర్చి, కుట్టి, బీరువాలో పెట్టిన చేతులు ఎవరివో మనకు తెలియదు. అది మహత్కార్యమని ఆనాడు వారికే తోచి ఉండదు.

ఆ ప్రాంతముననే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు చీరాల-పేరాల ఉద్యమమును నడిపినది. పురపాలక సంఘపు పన్ను తాళలేక ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరము కట్టుకొని నెలల తరబడి ఉన్నారు. పన్ను కట్టమని ఇల్లు విడిచిన జనమున్న చోటనే, ఎవరును అడుగకుండ గ్రంథాలయమునకు చందా ఇచ్చిన జనమును ఉండుట నాకు వింతగా తోచదు. తనదని అనుకొన్నదానికి మనిషి ఇస్తాడు.

పుస్తకమును మనిషి దగ్గరకు చేర్చిన కథ మరొకటి ఉన్నది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా పశ్చిమ డెల్టాలో, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ గ్రంథాలయమును నడిపినారు. ఆ రోజులలో ప్రయాణములు చాలవరకు పడవల మీదనే. పడవ ఎక్కినవాడు దిగేదాక చేయవలసిన పని ఏమున్నది? చదువు వచ్చినవాడు చదువుకొనెడివాడు. రానివానికి ప్రక్కవాడు చదివి వినిపించిననూ మేలే. ఆ కాలువలలో పడవలు లేవిప్పుడు. నేను వెళ్ళిన ఊరి రేవు మెట్లమీద బట్టలు ఉతుకుతున్నారు.

మాష్టారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. వయస్సు ఎనుబదికి సమీపము. ఆయన చెప్పిన పాత సంగతులలో ఒకటి నా మనస్సున నాటుకొన్నది. మొదట ఈ గ్రంథాలయము రామమందిరములో ఉండెడిది. సాయంత్రము ఒకరు పత్రికను పెద్దగా చదివితే, లోపల ఉన్నవారు కూర్చుండి వినెడివారు. మందిరములోనికి రానీయని పేటవారు వీథికి ఆవలి చెట్టు క్రింద నిలబడి వినెడివారు. గాలి ఎదురుగా వీచిన రోజున వారికి సగము మాటలే అందెడివి. కొన్నాళ్ళకు ఇది తప్పని తోచినవారు, ఒక రైతు ఇచ్చిన రోడ్డు ప్రక్క స్థలములో ఈ పెంకుటిల్లు వేసి, అందరికిని తలుపు తెరచినారు. దానితో వ్యవస్థాపకులలోనే ముగ్గురు సంఘమునుండి తప్పుకొన్నారట. తాము ఇచ్చిన పుస్తకములను బండిమీద వేయించుకొని మరీ పోయినారట. "బీరువా ఖాళీ అయింది గాని, వసారా నిండింది నాయనా" అన్నారు మాష్టారు. గ్రంథాలయోద్యమమును కీర్తించునప్పుడు మనము ఈ బండిని గూడ జ్ఞాపకము పెట్టుకొనవలెనని నా అభిప్రాయము.

తరువాత చట్టములు వచ్చినవి. 1948లో మద్రాసు రాష్ట్రములో, 1955లో హైదరాబాదు రాష్ట్రములో, ఉభయ ప్రాంతములు కలిసిన పిమ్మట 1960లో ఆంధ్రప్రదేశములో పౌర గ్రంథాలయముల చట్టములు చేయబడినవి. ఇంటిపన్నులో భాగముగా గ్రంథాలయపు పన్ను వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థలు శాఖలను నడుపవలెనని ఏర్పాటు. ఇది ఉద్యమకారులు కోరి సాధించుకొన్నదే గాని, ప్రభుత్వము వారిమీద రుద్దినది కాదు. చందాలమీద, దయాధర్మములమీద ఎంతకాలము నడుపగలము? అయినను పన్ను వచ్చినంతనే చాలచోట్ల ఊరివారు, ఇక మనకు పని లేదనుకొన్నారు. తలుపు తీయకపోతే అడుగువాడు లేడు. తీసిననూ వచ్చువాడు లేడు. చట్టము జీతము ఇవ్వగలదు; సాయంత్రము దారిన పోవువానిని లోపలికి పిలువలేదు.

నేను చూచిన గ్రంథాలయము ప్రభుత్వ శాఖ కాదు, సంఘమువారిదే. దానిలో జరుగు పనిని కొంచెము చెప్పవలెను. రోజూ పత్రికలు వేసే కుర్రవాడు ఇంటరు చదువుతున్నాడు. నాలుగవ వంతు అతనిదే. కుట్టుపని అమ్మాయి ఆదివారము మధ్యాహ్నము చినిగిన పుస్తకములను కుట్టుతుంది. బట్టలు కుట్టే సూది ఇందుకు పనికిరాదట. గోనెసంచులు కుట్టే దబ్బనము మిల్లునుండి తెప్పించుకొన్నది. మైదాపిండి ఉడికించి, దానిలో చిటికెడు మైలుతుత్తము కలిపి, అట్టలు అంటిస్తారు. అది కలిపిన జిగురు జోలికి పురుగు రాదు. మైలుతుత్తము విషము గనుక ఆ గిన్నెను వంటకు వాడకుండ దానిమీద ఎర్ర రంగు పూసినారు. వర్షాకాలము వెళ్ళినాక పుస్తకములన్నిటిని బయటకు తీసి, వసారా నీడలో విడదీసి ఆరబెడతారు. ఎండలో పెడితే కాగితము పెళుసెక్కుతుంది. బీరువా కాళ్ళ దగ్గర చెదలు కనబడిన రోజున నలుగురును చేరవలసినదే. ఇదంతయు ఎవరును ఫోటో తీయని పని. పదాధికారుల పట్టిక మాత్రము గోడమీద చక్కగా వ్రాసి ఉన్నది: అధ్యక్షులు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి. తాళపుచెవి పట్టినవారి పేర్లు అందులో ఒక్కటే కనబడినది, మాష్టారిది. అదియు మాజీ కార్యదర్శిగా.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చినది. బస్సుల రాకపోకలు పెరిగి, ఆ రోడ్డు ప్రక్క స్థలమునకు విలువ వచ్చినది. పెంకుటింటిని పడగొట్టి, క్రింద నాలుగు దుకాణములు, మేడమీద గ్రంథాలయము కట్టవలెనని ఒక ప్రతిపాదన లేచినది. దీనిని తెచ్చినది ఎవరో భూముల వ్యాపారి అయితే కథ సులభముగా ఉండును. తెచ్చినది మన మిల్లు గుమాస్తాగారే. పాతికేళ్ళుగా తన వంతును తప్పనివారు. కరెంటు బిల్లు, పత్రికల చందా నెలనెలా ఆయన జేబునుండి పోతున్నవి. "నేనున్నన్నాళ్ళు కడతానండీ. తరువాత? అద్దె వస్తే సంఘం ఎవరి మొగమూ చూడనక్కరలేదు గదా!" అన్నారాయన. దీనికి మాష్టారు ఒప్పుకొనరు. "నాబోటివాడు మెట్లెక్కగలడా? అద్దె వచ్చిన మరునాడు కోశాధికారి పదవికి పోటీ వస్తుంది" అని ఆయన వాదము. ఇద్దరును ఒకే బల్ల దగ్గర కూర్చుండి, నా యంత్రము ఎదుట ఈ మాటలే చెప్పినారు. ఒకరి మాటకు ఒకరు అడ్డురాలేదు. అంతకుముందే ఎన్నోసార్లు అడ్డువచ్చి అలసినట్లున్నారు.

నావరకు గుమాస్తాగారి లెక్కలో తప్పు కనబడలేదు. మాష్టారి భయములోను తప్పు కనబడలేదు. కుట్టుపని అమ్మాయిని అడిగితే, ఆమె దబ్బనమును ప్రక్కన పెట్టి, "వసారా రోడ్డుమీదికి ఉంది కాబట్టి మా పేట ఆడపిల్లలు చీకటిపడేదాకా కూర్చుంటున్నారండీ. మేడమీదైతే ఇంట్లోవాళ్ళు పంపరు. దుకాణాలు కడితే కట్టనివ్వండి, మేము మాత్రం క్రిందే ఉంటామని మీటింగులో చెబుతాను" అన్నది. ఆమె తాతగారు, వీథికి ఆవలి చెట్టు క్రింద నిలబడి పత్రిక విన్నవారిలో ఒకరని మాష్టారు తరువాత నాకు చెప్పినారు. ఆమె ఆ సంగతి ఎత్తలేదు.

సర్వసభ్య సమావేశము సంక్రాంతి వెళ్ళినాక జరుగుతుంది. సభ్యత్వపు చందా బాకీ ఉన్నవారికి ఓటు లేదన్న నియమము ఒకటి ఉన్నది. దానివలన, ఏండ్ల తరబడి గ్రంథాలయము ముఖము చూడనివారు పలువురు ఇప్పుడు వచ్చి బాకీలు చెల్లిస్తున్నారు. ఆ డబ్బుతో గుమాస్తాగారు రెండు ట్యూబులైట్లు కొని వేయించినారు.

నా బస్సు ఏడున్నరకు. వసారాలో పిల్లలు ఇంకను కూర్చుండియే ఉన్నారు. మరునాటి వంతు ఇంటరు కుర్రవానిది. అతడు సైకిలు దిగకుండానే చెయ్యి చాచితే, అమ్మాయి తాళపుచెవిని అందిస్తూ, "రేపు పత్రిక ఆలస్యమైతే మిల్లు దగ్గర అడుగు తమ్ముడూ, ఒకటి అక్కడికి వస్తుంది" అని చెప్పినది.