సరుకు ఆలస్యమైతే

మాది చిన్న గాజుల కొట్టు. మట్టి గాజులు ఫిరోజాబాదు నుంచి లారీలో రావాలి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. నెల తిరిగేసరికి రంజాన్. బయానా కట్టిన పెట్టెలు దారిలోనే ఆగిపోయాయి. పండుగ బేరం పోయింది, అప్పు మాత్రం నిలిచింది. తప్పు మాదీ ఉంది, ఒక్క ఆసామినే నమ్ముకున్నాం.

ఇప్పుడు పండుగకు రెండు నెలల ముందే సగం సరుకు దింపుకుంటున్నాం. లక్క గాజులైతే లాడ్‌బజారు పనివాళ్ల దగ్గరే తీసుకుంటాం. ధర కాస్త ఎక్కువే, కానీ కబురు పెడితే చేతికొస్తాయి.

మరో మాట. సరుకు రాకపోతే గిరాకీకి "రేపు, ఎల్లుండి" అనకండి, రాలేదని ముందే చెప్పండి. ఒక పెళ్లివారి దగ్గర మేము అలాగే దాచి, ఆఖరు రోజున తల దించుకున్నాం. ఆ ఇంటివాళ్లు మళ్లీ మా కొట్టు మెట్లెక్కలేదు.