లెక్క జనానికి అందాలి

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న పర్యావరణ శాస్త్ర, ఇంజినీరింగ్ విద్యార్థులకు హృదయపూర్వక అభినందనలు.

మీలో చాలామంది కాలుష్య నియంత్రణ మండళ్లలోనో, పరిశ్రమల ప్రయోగశాలల్లోనో, స్వచ్ఛంద సంస్థల్లోనో చేరబోతున్నారు. ఎక్కడ చేరినా నీటినో గాలినో పరీక్షించి ఒక అంకె రాయాల్సి వస్తుంది. ఆ అంకె మీద ఎన్నో ఊళ్ల ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది.

1974 నాటి జల కాలుష్య చట్టం మనకు కేంద్ర, రాష్ట్ర మండళ్లను ఇచ్చింది. 1981లో గాలి బాధ్యత కూడా వాటికి చేరింది. 1984లో భోపాల్ విషవాయువు వేలమందిని బలిగొన్నాక, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 2010లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఏర్పడింది. చట్టాలకు, సంస్థలకు కొదవ లేదు.

అయినా పటాన్‌చెరులో ఏం జరిగిందో చూడండి. మందుల పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు పాడైంది, ఆ నీరు పారిన పొలాలు దెబ్బతిన్నాయి. రైతులు మొరపెట్టుకున్నారు. స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు వారి పక్షాన ఏళ్ల తరబడి పోరాడారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాలు చేరేవి. అది శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతుంది. ఆ ముప్పు వాగు ఒడ్డుతో ఆగదు.

మన పరీక్షల్లో అది ముందే ఎందుకు బయటపడలేదు? అప్పటికి వ్యర్థజలాల ప్రమాణాల్లో యాంటీబయాటిక్స్‌కు పరిమితే లేదు. 2020లో కేంద్రం వాటికి పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా ప్రకటించింది. 2021 నాటి తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. జాబితాలో లేని విషాన్ని వెతికే బాధ్యత ఎవరిమీదా పడదు.

అందుకే మిమ్మల్ని మూడు విషయాలు కోరుతున్నాను. నమూనా తీసే ముందు ఆ ఊరి రైతునూ చేపలు పట్టేవాళ్లనూ అడగండి. ఏం వెతకాలో వాళ్లు చెబుతారు. వచ్చిన ఫలితాన్ని ఎవరి ఒత్తిడికీ మార్చకండి, ఆ ఊరి వాళ్లకు అర్థమయ్యే తెలుగులో వాళ్ల చేతికి అందించండి. ముసాయిదా నిబంధనలు వెలువడినప్పుడు అభ్యంతరాలు చెప్పేందుకు గడువు ఇస్తారు. ఆ గడువులో మీ శాస్త్రజ్ఞానంతో రాతపూర్వకంగా మాట్లాడండి.

నిజాయితీగా కొలిచే మనిషి ఉన్నప్పుడే ఏ సంస్థకైనా విలువ. ఆ మనిషి మీరే కావాలి.