నక్షా గీయు యంత్రమునకు ఆజ్ఞాపత్రము

పిడుగురాళ్ల పేరు చెప్పగానే ఎవరికైనను సున్నపు బట్టీలు స్ఫురించును. రాతిని కాల్చి సున్నము చేయు ఊరికిని, రేఖలు గీయు విద్యకును సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. సంబంధము చాల దగ్గరిదే. రాయి తవ్వవలెనన్న గనికి నక్షా కావలెను. ఇల్లు కట్టవలెనన్న ప్లాను కావలెను. అన్నదమ్ములు పొలము పంచుకొనవలెనన్న హద్దుల పటము కావలెను. ఈ పటములను గీయు పని ఇప్పుడు చాలవరకు కంప్యూటరు మీదనే జరుగుచున్నది. ఆ పనిలోని ఒక ఉపాయమును గురించి నేడు ముచ్చటింపదలచితిని. ఒకే ఆదేశమును పదేపదే చేతితో ఇచ్చుటకు మారుగా, ఆదేశములన్నిటిని ముందుగా వరుసగా వ్రాసి యంత్రమునకు అప్పగించుటయే ఆ ఉపాయము. అట్లు వ్రాసిన దానిని స్క్రిప్టు అందురు.

దీని అవసరము తెలియవలెనన్న మన ప్రాంతపు పెద్ద పనినొకదానిని తలచుకొనవలెను. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు విడిచిరి. పల్నాటి మీదుగా సాగు కుడికాలువ పొడవు సుమారు 203 కిలోమీటర్లు. 30 మీటర్లకొకచోట కాలువను అడ్డముగా కోసినట్లు పటము గీయవలెననుకొందము. 6,700కు పైగా పటములగును. ఆ తరము డ్రాఫ్ట్స్‌మన్లు ఇట్టి పనిని టీ-స్క్వేరు, సెట్‌స్క్వేరు, ఇండియను ఇంకు పెట్టుకొని ట్రేసింగు గుడ్డ మీద ఒక్కొక్కటిగా చేసిరి.  చిత్రమేమనగా, ఆ వేల పటములలో మారునవి కొలతలే. గీయు క్రమము మారదు. కంప్యూటరు వచ్చిన తరువాత కూడ అనేకులు అదే క్రమమును మౌసుతో అన్నిసార్లు నొక్కుచునే ఉన్నారు. గుడ్డ పోయినది గాని చాకిరి పోలేదు.

1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ తెరమీద కాంతికలముతో రేఖలు గీయు స్కెచ్‌ప్యాడ్‌ను నిర్మించెను. 1982లో ఆటోకాడ్ విడుదలైనది. 1986లో దానికి ఆటోలిస్ప్ అను భాష తోడయ్యెను. దీని మాతృక యగు లిస్ప్ భాషను 1958లో జాన్ మెకార్తీ రూపొందించెను. కృత్రిమ మేధస్సును గురించి ఆలోచించుటకై పుట్టిన భాష పల్నాటి పొలము గట్లను గీయుటకు వచ్చి చేరినది! కాని మొదటి మెట్టునకు ఆ భాషయు అక్కరలేదు. స్క్రిప్టు వట్టి అక్షరముల పత్రము. మొదటి పంక్తిలో బహురేఖను గీయుమను ఆదేశము, అనగా పీలైన్. తరువాత పంక్తికొక బిందువు, తూర్పు కొలత, కామా, ఉత్తరపు కొలత. చివర ఒక ఖాళీ పంక్తి. అంతే, పొలము హద్దు గీయబడును. కొలతలు పట్టికలో ఉన్నచో ఆ పట్టికనుండియే ఈ పంక్తులను తయారు చేసికొనవచ్చును. సగము దినము పట్టు పని కొలది నిమిషములలో ముగియును.

ఇంతవరకు వినుటకు ఇంపుగా ఉన్నది. అయితే యంత్రము మన శ్రమను మాత్రమే గాక మన పొరపాటును కూడ అంతే శ్రద్ధతో వందసార్లు చేయును. స్క్రిప్టులో ఖాళీ స్థలమనగా ఎంటరు మీట నొక్కినట్లే. కంటికి కనబడని ఆ ఖాళీ ఒకటి అధికమైనచో తరువాతి ఆదేశములన్నియు ఒక అడుగు తప్పి నడచును. ఈ తప్పు వెంటనే బయటపడును గనుక దీనికి భయపడనక్కరలేదు.

భయపడవలసినవి కనబడని తప్పులు. దగ్గరలోనున్న కొనను తానే పట్టుకొను సదుపాయమొకటి ఆటోకాడ్‌లో కలదు. ఆబ్జెక్ట్ స్నాప్ అందురు. మామూలు అమరికలో, మనము మీటలపై కొట్టిన కొలతలను అది కదల్పదు; స్క్రిప్టునుండి వచ్చిన కొలతలను మాత్రము పట్టి లాగును. పటమును దూరమునుండి చూచుచున్నప్పుడు ఆ పట్టు మరింత విశాలమగును. రెండు హద్దురాళ్లు దగ్గరగా ఉన్నచో ఒకటిగా కలిసిపోవచ్చును. కనుక స్క్రిప్టు మొదటనే ఆస్‌మోడ్ అను విలువను సున్న చేయవలెను.

రెండవది లింకుల లెక్క. పాత కొలత పటములలో దూరములు గొలుసులలోను, లింకులలోను ఉండును. గొలుసు 66 అడుగులు, అందు 100 లింకులు. లింకును మీటరులోనికి మార్చుటకు 0.201168తో గుణింపవలెను. తేలికగా ఉండునని 0.2 వేసినచో ఏమగును? పది గొలుసుల చదరపు పొలము సరిగా 10 ఎకరములు. ఆ లెక్కతో గీసిన పటములో సుమారు పదకొండున్నర సెంట్లు మాయమగును. చేతితో గీసినవాడు ఒక పొలములో చేయు తప్పు, స్క్రిప్టు వలన ఊరంతటికిని పాకును. ఒక సెంటు గట్టుకై ఏండ్ల తరబడి కోర్టుకు తిరుగు రైతులున్న చోట ఇది చిన్న విషయము కాదు. ఈ రాష్ట్రమున భూముల రీసర్వే 2020 డిసెంబరులో ఆరంభమైనది గనుక పాత కొలతలను, కొత్త కొలతలను పక్కపక్కన పెట్టి చూచుకొను అవసరము అనేకులకు కలుగుచున్నది.

ఇతరులు వ్రాసిన స్క్రిప్టును చదువకుండ నడుపరాదు. 2012లో పెరూ దేశమున ఎక్కువగా కనబడిన మెడ్రె అను పురుగు ఆటోలిస్ప్‌లోనే వ్రాయబడి, ఇంజనీర్ల పటములను దొంగిలించి చైనాలోని ఈమెయిలు చిరునామాలకు పంపెను.

కొత్తగా నేర్చుకొనువారు వైశాల్యము ముందే తెలిసిన ఒక పొలముతో ఆరంభించుట మేలు. అసలు పటము జోలికి పోక, ప్రతి తీసికొని దానిపై నడుపవలెను. పని ముగిసిన తరువాత వైశాల్యమును రికార్డుతో సరిచూచి, ఎక్కడనైనను మూడు గట్లను విడిగా కొలువవలెను. తేడా వచ్చినచో పటమును దిద్దక స్క్రిప్టునే దిద్దవలెను. పత్రములో సెమికోలనుతో మొదలగు పంక్తిని యంత్రము దాటిపోవును. సర్వే నంబరు, తేదీ, లింకును ఏ సంఖ్యతో గుణించినదీ అక్కడ వ్రాసియుంచవచ్చును. యంత్రము ఎట్లును చదువదు గనుక ఆ పంక్తులను తెలుగులోనే వ్రాసికొనవచ్చును.